గొల్లగుట్ట మీద డ్రైవర్ సాబ్

గులాం నబీ సాబ్ ఆర్టీసీలో ఇరవై ఎనిమిదేళ్లు బస్సు నడిపారు. అందులో చాలా ఏళ్లు ఒకటే రూటు. కోరుట్లలో బయలుదేరి కథలాపూర్, రుద్రంగి, చందుర్తి మీదుగా సిరిసిల్ల పోవడం, మళ్లీ అదే దారిన వెనక్కి రావడం. నేను చందుర్తి బడిలో తెలుగు చెప్పిన తొమ్మిదేళ్లూ ఆయన బస్సులోనే తిరిగాను, అదీ ఆయన వెనక సీట్లోనే. ఇప్పుడు నేను జగిత్యాలలో ఉంటున్నా కోరుట్ల వెళ్లినప్పుడల్లా వాళ్లింటికి పోకుండా రాను.

వరి కోతల రోజుల్లో మా వైపు రోడ్డు సగం ఆరబోసిన వడ్లే. కొందరు డ్రైవర్లు హారన్ మోగిస్తూ, తిడుతూ, ఒక్కోసారి వడ్ల అంచు మీదుగానే పోనిచ్చేవారు. నబీ సాబ్ మాత్రం చక్రాన్ని కుప్పకు జానెడు దూరంలో పోనిస్తూ "మెల్లగ, మెల్లగ" అని బస్సుకే చెప్పేవారు. మనుషులతో మాత్రం మెల్లగా మాట్లాడడం ఆయనకు చేతకాదు. ఆ గొంతు బస్సు చివరి సీటుదాకా వినిపించేది. "లోపలికి జరుగుండ్రి! ఇండ్లల్ల మంచాలు లేవా, ఫుట్‌బోర్డు మీదనే పండుకుంటరా?" అనేవారు. తిట్టినట్టుండేది కానీ ఎవరికీ కోపం వచ్చేది కాదు.

కథలాపూర్ దాటి రుద్రంగి వచ్చేలోపు ఒక పెద్ద మలుపుంది. ఎడమ పక్కన గొల్లగుట్ట. ఆ మలుపు దగ్గర మాత్రం ఆయన మాట ఆగిపోయేది. గేరు మార్చి, ఒక్క క్షణం తలెత్తి పైకి చూసి, మళ్లీ రోడ్డు మీదికి చూపు తిప్పుకునేవారు. అది ఎన్నో రోజులు గమనించి ఒకసారి అడిగాను.

"గా గుట్ట మీద ఏమున్నదో చూడాలె టీచర్" అన్నారు. "రోజుకు నాలుగుసార్లు దాని కాళ్లకాడికెళ్లే పోతున్న. ఒక్కసారన్న మీదికి పోలే."

"ఓ ఆదివారం పోరాదుండ్రి మరి?"

"ఆదివారాలకు ఎక్కువ డ్యూటీ ఉంటది" అని నవ్వారు.

రిటైరైన ఏడాది కార్తీకంలో ఆయన నిజంగానే పోయారు. తన తర్వాత ఆ రూటుకు వచ్చిన డ్రైవర్‌ను మలుపు దగ్గర బస్సు ఆపమన్నారు. కండక్టర్‌కు అర్థం కాలేదు.

"గీడ స్టేజీ లేదు గదా సాబ్, ఏం పని?"

"పనేం లేదు. గుట్టెక్కుత."

బస్సులో వాళ్లంతా కిటికీల్లోంచి తలలు బయట పెట్టి ఆయన గుట్ట వైపు నడిచిపోవడం చూశారట. మా దగ్గర పని లేకుండా ఎవరూ గుట్టెక్కరు. కట్టెలకు పోతారు, మేకలను తోలుకుని పోతారు, సీతాఫలాలకు పోతారు. ఊరికే ఎక్కే మనిషిని చూసి జనం రకరకాలుగా అనుకున్నారు. లంకెబిందెలకు పోయాడని ఒకరు, మోకాళ్ల నొప్పికి ఏదో వేరు తేవడానికి పోయాడని ఇంకొకరు. ఆయన మాత్రం ఇటువైపు ఎక్కి, అటువైపు ఎర్రగుంటపల్లెలో దిగి, షేర్ ఆటోలో రుద్రంగి చేరి, సాయంత్రం బస్సుకు ఇంటికి వచ్చారు. ఆ రాత్రి కాళ్లు పిసుక్కుంటూ కూడా చాలా సంతోషంగా ఉన్నారని వాళ్లావిడ సకీనాబీ చెప్పింది.

అప్పటినుంచి ఏటా కార్తీకం చివర్లో ఒక రోజు గుట్ట మీదికి పోతున్నారు. ఒక్కరే. చెల్లెలి కొడుకు తౌసీఫ్‌ను తోడు తీసుకుపొమ్మని సకీనాబీ ఎంతో పోరింది. ఆయన వినలేదు.

"ఇరువై ఎనిమిదేండ్లు యాభై అరువై మందిని ఎనుక ఏసుకొని తిరిగిన. ఏడాదికొక్క దినం ఒక్కణ్ణే పోనియ్యి సకీనా" అన్నారట.

ఇదంతా బాగానే ఉంది కానీ, ఆ గుట్టల్లో కార్తీకం వేట కాలం. మక్క చేన్లు, అంటే మొక్కజొన్న, కోతకొచ్చే వేళకు అడవిపందులు మందలుగా దిగుతాయి. పంట మీద దిగులు కొంత, మాంసం మీద ఆశ కొంత కలిసి కొన్ని ఊళ్లలో వేట మొదలవుతుంది. తుపాకులుండవు. కుక్కలు, కర్రలు, తీగతో చేసిన ఉచ్చులు. కొందరైతే ఏకంగా కరెంటు తీగలే పరుస్తారు. చట్టం ఒప్పుకోదని అందరికీ తెలుసు. అందుకే ఎవరు ఎక్కడ ఏం పెట్టారో ఎవరూ బయటికి చెప్పరు. మేకలు కాసేవాళ్లు కూడా ఆ నెలంతా తెలిసిన బాటలు వదలరు.

పోయిన కార్తీకంలో ఆయన బయలుదేరుతుంటే సకీనాబీ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. నబీ సాబ్ పాత డ్యూటీ చొక్కా వేసుకున్నారు, ఖాకీది. దాని గుడ్డ మందం, ముళ్లకు చిరగదు. పైగా రెండు జేబులుంటాయి.

"గా ఖాకీ అంగి ఇడిసిపెట్టు. ఎండిన గడ్డిల కూసుంటె కండ్లకే అవుపడవు. గా జానవర్ అనుకొని ఎవడన్న కొడితె?" అంది. పంది అనే మాట ఆమె నోటితో అనదు.

"రెండు కాళ్ల మీద నడిచే జానవర్‌ను ఎవలన్న చూసిండ్రా?"

"నేను నలభై ఏండ్ల సంది చూస్తున్న" అని, ఆమె ఒక ఎర్ర తువ్వాల తెచ్చి ఆయన మెడ చుట్టూ కట్టింది. "ఇది తియ్యొద్దు. దూరంకెళ్లి అవుపడాలె."

ఆయన తియ్యనన్నారు.

మలుపు దగ్గర బస్సు దిగేసరికి ఎనిమిది దాటింది. పొగమంచు ఇంకా గడ్డి మీదే ఉంది. మొదటి ఎక్కుడు నిటారుగా ఉంటుంది. దానికి ఆయన పెట్టుకున్న పేరు "ఫస్ట్ గేరు". అది దాటితే టేకు చెట్ల మధ్య పశువులు నడిచిన బాట వస్తుంది. విస్తరాకులంత టేకు ఆకులు ఒక్కొక్కటే రాలుతుంటే, ఎవరో నడుస్తున్నట్టు చప్పుడు. వాగులో నీళ్లు రాళ్ల సందుల్లోకి దిగిపోయాయి. సీతాఫలం చెట్లకు చివరి కాయలు నల్లబడి ఎండి వేలాడుతున్నాయి. ఆయనకు చెట్ల పేర్లు పెద్దగా తెలియవు. టేకు, మోదుగ, తునికి, అంతే. మిగతావాటిని ఊరికే చూస్తారు. "పేర్లెందుకు టీచర్, రోజూ నా బస్సెక్కినోళ్ల పేర్లన్నీ నాకెరుకనా?" అన్నారొకసారి.

పైన ఒక చదును బండ ఉంది. దాని మీద కూర్చుంటే కింద రోడ్డంతా కనిపిస్తుంది. అక్కడ ఫ్లాస్కులో చాయ్ తాగి, అగ్గిపెట్టెంత బస్సు మలుపు తిరుగుతుంటే చూశారు. ఎండెక్కి చెమట పట్టింది. మెడకున్న తువ్వాల విప్పి సంచిలో పెట్టుకున్నారు.

పదకొండు గంటలప్పుడు అటువైపు దిగడం మొదలుపెట్టారు. బాట మీద ఒకచోట చెట్టు పడి ఉంటే పక్కనుంచి చుట్టి పోబోయారు. నాలుగడుగులు వేశారో లేదో, ఎవరో కాలు పట్టుకుని వెనక్కి గుంజినట్టయింది. ముందుకు బోర్లా పడ్డారు. కళ్లజోడు ఎగిరి ఆకుల్లో ఎక్కడో పడింది. లేవబోతే చీలమండ దగ్గర ప్రాణం పోయినంత నొప్పి.

బండి క్లచ్ వైరుతో చేసిన ఉచ్చు. మడమ పైన బూటు అంచు దాటి సాక్సులోకి కోసుకుపోయింది. గుంజినకొద్దీ బిగుస్తోంది. రెండో కొసను ఒక టేకు మొద్దుకు చుట్టి, పటకారుతో మెలిపెట్టి బిగించి పెట్టారెవరో. చేతికి అందుతుంది కానీ అద్దాలు లేకుండా ఆ మెలి ఎక్కడ మొదలైందో ఆయనకు కనిపించదు. వేళ్లతో తడిమి తడిమి గోరు చీరుకుపోయింది తప్ప మెలి విడలేదు. ఫోన్ తీశారు. సిగ్నల్ ఒక్క గీత వస్తుంది, పోతుంది. ఎన్నిసార్లు చేసినా కలవలేదు.

మొదట తన మీద తనకే కోపం వచ్చిందట. ఆ తర్వాత సకీనాకు ఏం చెప్పాలి అని బెంగ పట్టుకుంది. కాసేపటికి ఆ బెంగ కూడా పోయి, ఊరికే కూర్చున్నారు. గుట్ట అవతల నుంచి బస్సుల చప్పుడు సన్నగా వినిపిస్తోంది. ఆ చప్పుడును బట్టే టైము లెక్క వేసుకున్నారు. ఒక బస్సు మలుపు దగ్గర మూలిగితే, "సెకండ్ గేరు ఆలస్యంగ ఏసిండు, కొత్తోడు" అని పైకే అనుకున్నారు. అంత నొప్పిలోనూ ఆ డ్రైవర్ మీద చిరాకు పడ్డారంటే ఆయన ఎలాంటి మనిషో తెలుస్తుంది.

మధ్యాహ్నం నమాజు కూర్చునే చేశారు. సంచిలో ఉన్న జొన్నరొట్టె సగం తిన్నారు. మిగిలిన తునకలు చీమలు మోసుకుపోతుంటే చూస్తూ కూర్చున్నారు. సీసాలో నీళ్లు గుక్కెడు గుక్కెడు తాగారు. ఆ గుట్టల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయన్న సంగతి అప్పుడే గుర్తుకు రావాలా?

"భయమైంది టీచర్" అన్నారు నాతో. "చావు భయం గాదు. నేను గిక్కడున్నని ఎవలకు తెల్వదు గదా, గదే భయం. బస్సు ఖరాబైతె ఎనుక అరువై మంది ఉంటరు. ఒకడు నీళ్లు తెస్తడు, ఒకడు నూకుతడు, ఒకడు తిడుతడు. గీడ తిట్టెటోడు గూడ లేడు."

ఒంటరిగా ఉండాలని ఏడాదంతా ఎదురుచూసే మనిషి ఆ మాట అంటుంటే నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

రెండు గంటల బస్సు పోయిన కాసేపటికి కింద ఆకుల్లో అలికిడైంది. ముందు రెండు కుక్కలు, వెనక కర్రలు పట్టుకుని ముగ్గురు మనుషులు. ఉచ్చులు చూసుకోవడానికి వచ్చినవాళ్లే. అద్దాలు లేకపోయినా మనుషులని తెలిసింది. నబీ సాబ్‌కు ప్రాణం లేచి వచ్చింది. రెండు చేతులూ పైకెత్తి ఊపుతూ, ఉన్న బలమంతా గొంతులోకి తెచ్చుకుని అరిచారు.

"రాండ్రి! రాండ్రి! ఇటు రాండ్రి!"

వాళ్లు తలెత్తి చూశారు. టేకు చెట్టు కింద ఖాకీ చొక్కా. చేతులూపుతూ రమ్మని పిలుస్తోంది. అదీ సరిగ్గా తాము ఉచ్చు పెట్టిన చోట.

"ఫారెస్టోళ్లురో!" అని ఒకడు కేక పెట్టాడు. అంతే, ముగ్గురూ వెనక్కి తిరిగి పరుగు. ఒకడి చెప్పు జారిపోతే దాన్ని కూడా తీసుకోలేదు.

"అరె ఆగుండ్రి! నేను డ్రైవర్ను! బస్సు డ్రైవర్ను!"

ఎవరూ ఆగలేదు. ఒక కుక్క మాత్రం దగ్గరికి వచ్చి, చీమలు పట్టిన రొట్టె తునకను వాసన చూసి, నచ్చక అదీ వెళ్లిపోయింది. అప్పటికి గానీ ఆయనకు సంగతి తట్టలేదు. చొక్కా విప్పి సంచిలో కుక్కి, బనీను మీద ఎర్ర తువ్వాల కప్పుకుని కూర్చున్నారు.

ఆ పరుగెత్తిన ముగ్గురిలో ఒకడు భూమేశ్. నలభై ఏళ్లుంటాయి. ఎర్రగుంటపల్లెలో ఎకరం కౌలుకు తీసుకుని మక్క వేశాడు, మిగతా రోజులు కూలికి పోతాడు. మిగిలిన ఇద్దరూ ఊళ్లోకి పారిపోతే, ఇతను రొప్పుతూ గుట్ట కింద పత్తి చేనులో తల్లి దగ్గరికి వచ్చి పడ్డాడు. తల్లి పేరు పోశవ్వ. ఒడిలో పత్తి నింపుకుంటూ కొడుకు వైపు చూసింది. ఆ తర్వాత జరిగిన మాటలు నాకు ఆమే చెప్పింది.

"ఏందిరా, దయ్యం పట్టినట్టు ఉరికొచ్చినవ్?"

"గుట్ట మీద ఫారెస్టాయన ఉన్నడే అవ్వా. ఉచ్చు కాడనే కూసున్నడు. రాండ్రి రాండ్రి అని ఒర్రుతున్నడు."

పోశవ్వ పత్తి ఏరడం ఆపింది.

"కూసున్నడా?"

"ఆ, కూసున్నడు."

"మీరు ఉరికితె ఎనుక ఉరికొచ్చిండా?"

"లేదు. కూసుండే ఒర్రిండు."

"పిచ్చోడా! పట్టుకునెటోడు కూసుండి పిలుస్తడారా? ఉరికొచ్చి రెక్క పట్టుకుంటడు. కూసున్నడంటె లేవస్తలేదన్నట్టు. నువ్వు పెట్టిన దాంట్ల మనిషి కాలు వడ్డది!"

భూమేశ్ పత్తి సాళ్లలోనే నిలబడిపోయాడు. పోశవ్వ కొడుకు కోసం ఆగలేదు. అరవై ఐదేళ్ల మనిషి, ఒడిలో పత్తితోనే గుట్టెక్కింది.

ఎర్ర తువ్వాల ఆమెకు దూరం నుంచే కనిపించింది. దగ్గరికి వచ్చాక ఆ ముఖం కనిపించింది.

"అయ్యో! డ్రైవర్ సాబ్! నువ్వా?"

"ఎవలమ్మా? అద్దాలు లేవు, అవుపడ్తలేదు."

"నేను, సీతాఫలాల పోశవ్వను."

ఆ పేరు వినగానే ఆయనకు ఏడుపొచ్చినంత పనైందట. ఒకప్పుడు ప్రతి సీజనులో ఆమె ఊరి దారి మెయిన్ రోడ్డును కలిసే ఎర్రగుంటపల్లె స్టేజీలో సీతాఫలాల గంపలతో నిలబడేది. బస్సు కిక్కిరిసి ఉంటే గంపలు వద్దని జనం గొణిగేవారు. నబీ సాబ్ బండి ఆపి, దిగి, గంపలను తన చేతులతో ఇంజన్ బానెట్ పక్కన సర్దేవారు. దిగేటప్పుడు ఆమె రెండు కాయలు బానెట్ మీద పెట్టి పోయేది. ఆ వేడికి అవి సాయంత్రానికల్లా మెత్తగా పండిపోయేవి. ఒకసారి అందులో సగం నాకూ పెట్టారు.

పోశవ్వ ముందు ఆకుల్లో వెతికి కళ్లజోడు తీసింది. ఒడిలోని పత్తితో తుడిచి ఆయన ముక్కు మీద తనే పెట్టింది. తర్వాత కాలు చూసి, లేచి నిలబడి, గుట్ట కిందికి తిరిగి కొడుకును పిలిచింది. మూడో కేకకు భూమేశ్ పైకొచ్చాడు. చేతిలో పటకారు ఉంది.

"సార్, మీరని ఎరుక లేదు సార్. కేసు వద్దు సార్, మీ కాళ్లు మొక్కుత."

"ముందుగాల గా కాలు ఇడిపియ్యి, తర్వాత మొక్కుదువు" అన్నారు నబీ సాబ్.

తీగ తెగింది. మడమ చుట్టూ ఎర్రగా కోసుకున్న గీత, దాని పైన నిమ్మకాయంత వాపు. పోశవ్వ సీసాలో మిగిలిన నీళ్లతో తువ్వాల తడిపి గట్టిగా కట్టింది. భూమేశ్ వంగి ఆయనను వీపు మీద ఎక్కించుకోబోయాడు.

ఆయన కదల్లేదు.

"గిసొంటివి ఇంకెన్ని పెట్టినవ్?"

భూమేశ్ తల వంచుకున్నాడు. "ఇంకో పది సార్."

"తీస్కరా."

"రేపు పొద్దుగాల తీస్త సార్. ముందు మిమ్ములను దవాఖానకు..."

నబీ సాబ్‌కు కోపం రావడం ఎవరూ చూడలేదు. నేను తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా చూడలేదు. ఆ రోజు వచ్చింది.

"ఇరువై ఎనిమిదేండ్లు బండి నడిపిన. ఒక్క మేకపిల్లను గూడ తొక్కలే. ఎందుకో ఎరుకనా? ప్రతి మలుపుకాడ అవుతల ఎవలో ఉన్నరనుకొని తిప్పిన. నువ్వు గీ తీగ పెట్టేటప్పుడు అవుతల ఎవలన్న ఉంటరని అనుకున్నవా? రేపు పొద్దుగాల నీ అవ్వే కట్టెలకొస్తె? అన్నీ తీసేదాక నేను గీడికెళ్లి లేవ."

భూమేశ్ తల్లి వైపు చూశాడు, ఆమె ఏదైనా సర్దిచెబుతుందని. ఆమె పత్తి ఒడి సవరించుకుంటూ నబీ సాబ్ పక్కనే ఆకుల మీద చతికిలబడింది.

"పో. తెచ్చినంకనే పోదం" అంది.

అతను ఒక్కొక్కటే తెచ్చి ఆయన ముందు పడేశాడు. ఒకదాన్ని తెచ్చినప్పుడు రెండో చేతిలో కుందేలు ఉంది. చచ్చి రెండు రోజులై ఉంటుంది, కళ్లు చీమలు తినేశాయి. అది చూపించడానికి తెచ్చాడో, దాచలేక తెచ్చాడో తెలియదు. ముగ్గురూ దాన్ని చూశారు. భూమేశ్ కర్రతో కాస్త మట్టి తోడి దాన్ని పూడ్చి మళ్లీ పోయాడు. చివరిది ఎక్కడ పెట్టాడో గుర్తు రాలేదు. పోశవ్వ కూర్చున్న చోటినుంచే గొంతెత్తి అడుగుతోంది: "వాగు కాడనా? ఇప్పచెట్టు కాడనా? యాది చేస్కో!" చాలాసేపటికి అది పుట్టకు అవతల దొరికింది. అప్పటికి ఎండ చెట్ల పైకొసలకు ఎక్కింది.

దిగేటప్పుడు నబీ సాబ్ వీపెక్కడానికి ఒప్పుకోలేదు. భూమేశ్ భుజం పట్టుకుని, ఒక కాలు ఈడుస్తూ నడిచారు. సగం దూరం వచ్చాక భూమేశ్ అడిగాడు, గొడవకు కాదు, నిజంగానే.

"మీరు చెప్పింది నిజమే సార్. గని పందులు సగం మక్క తొక్కి పెట్టినయ్. రాత్రులు మంచె మీద పండుకున్న, డబ్బాలు కొట్టిన, చీరెలు కట్టిన. అయినా ఆగలే. మరి నేనేం జెయ్యాలె?"

నబీ సాబ్ ఒక రాయి దాటడానికి అతని భుజం గట్టిగా పట్టుకున్నారు.

"నాకెరుక లేదు కొడుకా" అన్నారు. "ఎరుక లేనిది ఎరుక ఉన్నట్టు ఎట్ల చెప్పాలె? గని ఎరుక ఉన్నోళ్లను అడుగుత."

ఆ ఎరుక ఉన్నోళ్లలో మొదటిదాన్ని నేనే. వారం తర్వాత నాకు ఫోన్ చేసి పంట నష్టానికి దరఖాస్తు ఎలా రాయాలో అడిగారు. నేను రాసిచ్చాను. భూమేశ్‌కు పోయిందంతా రాలేదు కానీ కొంత పరిహారం వచ్చింది. ఈ యాసంగికి అతను చేను చుట్టూ మక్క మానేసి కుసుమ వేసి చూస్తానన్నాడట, ముళ్లుంటాయి కదా అని. అది పనిచేస్తుందో లేదో ఇంకా తెలియదు.

ఆ సాయంత్రం మాత్రం భూమేశ్ తన బండి మీద ఆయనను కోరుట్ల తీసుకొచ్చి, ఎక్స్‌రే తీయించి, ఎముక విరగలేదని డాక్టర్ చెప్పాక ఇంటి దగ్గర దించాడు. సకీనాబీ తలుపు తీసి, కట్టు చూసి, మొగుడి ముఖం చూసి, పక్కకు జరిగింది. ఇద్దరినీ లోపలికి రమ్మంది. చాపేసి అన్నం పెట్టింది. మొదటి ముద్ద ఎత్తబోయి భూమేశ్ ఆగిపోయాడు.

"అమ్మా, గా ఉచ్చు నాదే" అన్నాడు.

సకీనాబీ చేతిలో గరిటె ఆగింది. ఆ గరిటెడూ అతని కంచంలోనే వేసింది.

"తిను" అంది. "తిన్నంక తిడుత."

అన్నట్టే తిన్నాక తిట్టింది. అతను చెయ్యి కడుక్కునే దగ్గర మొదలుపెట్టి బండి స్టార్ట్ చేసేదాకా తిడుతూనే ఉంది. మధ్యలో పిల్లలెందరని అడిగింది, పెద్దదానికి పెళ్లీడు వచ్చిందా అని అడిగింది, మళ్లీ తిట్టింది. మొగుడి వంతు మర్నాడు వచ్చింది. అది నెలరోజులు నడిచిందని నబీ సాబ్ చెబుతారు, అంతలేదని ఆమె అంటుంది.

ఈ ఏడు కార్తీకం వచ్చినా ఆయన ఏమీ అడగలేదు. అడిగితే వద్దంటుందని భయం. ఆమే ఒక పొద్దున బుర్ఖా వేసుకుని, రొట్టెల డబ్బా సంచిలో పెట్టుకుని నిలబడింది.

"నడువు" అంది.

"యాడికి?"

"గుట్టకు. నేనెక్కను. నువ్వెక్కు. నేను గా పోశవ్వ ఇంట్ల కూసుంట."

మలుపు దగ్గర ఆయన ఒక్కరే దిగారు. బస్సు ఆమెను ముందున్న ఎర్రగుంటపల్లె స్టేజీలో దించింది. పోశవ్వ అక్కడే ఎదురుచూస్తోంది. ఇద్దరు ఆడవాళ్లూ అంతకుముందు ఎన్నడూ కలవలేదు. ఫోనులో మాత్రం ఏడాదంతా మాట్లాడుకుంటూనే ఉన్నారు, నబీ సాబ్‌కు తెలియకుండా.

ఆయన రోజంతా తన ఇష్టం వచ్చినట్టు నడిచారు. కాలు అప్పుడప్పుడు సలిపితే కూర్చున్నారు. వాగు పక్కన ఇదివరకు చూడని బాట ఒకటి కనిపిస్తే అటు కూడా పోయి వచ్చారు. ఒకచోట నెమళ్లు ఎండుటాకుల్లో గింజలు ఏరుకుంటుంటే అవి లేచిపోయేదాకా అరగంట కదలకుండా నిలబడ్డారు. నాలుగు గంటలకు ఎర్రగుంటపల్లెలో దిగి పోశవ్వ ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు.

ఇంటి ముందు గచ్చు మీద ఇద్దరూ కాళ్లు చాపుకుని కూర్చుని పత్తిలోంచి గింజ తీస్తున్నారు. సకీనాబీ ఏదో చెబుతోంది. పోశవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఊగిపోతూ నవ్వుతోంది. తను వచ్చింది ఎవరూ చూడలేదు. కాసేపు నిలబడి, ఆయన గొంతు సవరించుకున్నారు.

"నేనొచ్చిన" అన్నారు.

సకీనాబీ తలెత్తి ఆయనను పైనుంచి కిందిదాకా ఒకసారి చూసింది. రెండు కాళ్లూ బాగానే ఉన్నాయి.

"కూసో" అంది, మళ్లీ పోశవ్వ వైపు తిరుగుతూ. "గీ ముచ్చట అయిపోనియ్యి."